మూడు ఆదివారాల ప్రకటన

మా గుడిలో ఎవరి పెళ్ళి జరగాలన్నా ముందుగా మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. ఆరాధన ముగియబోయే ముందు అయ్యగారు చిన్న కాగితం ఒకటి తీస్తారు. ఫలానా ఊరి ఫలానావారి అబ్బాయికీ, ఫలానా ఊరి ఫలానావారి అమ్మాయికీ వివాహం నిశ్చయమైందనీ, ఇందుకు అభ్యంతరం ఎవరికైనా తెలిసివుంటే ఇప్పుడే చెప్పవలసిందనీ చదువుతారు. చదివి ఒక్క నిమిషం ఊరుకుంటారు. ఆ నిమిషంలో ఎవరూ ఏమీ చెప్పరు. ఆడవాళ్ళు పెళ్ళికొడుకు తల్లివంక చూసి నవ్వుతారు. పిల్లలు చాపల మీదనుంచి లేవటానికి సిద్ధపడతారు.

చిన్నప్పటినుంచీ ఇలాంటి ప్రకటనలు ఎన్ని విన్నానో లెక్కలేదు. వాటిలో మూడు మాత్రం ఈనాటికీ నాకు నిద్రపట్టనివ్వవు. అవి 2016 వేసవిలో మా మేనల్లుడి పెళ్ళికి చదివినవి. ఆ పెళ్ళికి అభ్యంతరం ఏమిటో నాకు తెలుసు. నేను ముందు వరసలోనే కూర్చున్నాను. నోరు మెదపలేదు.

నేను గుంటూరు జిల్లాలో ఒక కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. తాతల నాటినుంచీ మాది లూథరన్ కుటుంబం. పత్తిచేలూ, మిరపతోటలూ తప్ప వేరే లోకం ఎరగని పల్లె మాది. నాలుగక్షరాలు నేర్చినవాణ్ణి గనుక పెళ్ళిళ్ళకూ పంచాయితీలకూ నన్ను పెద్దమనిషిగా పిలుస్తారు. అందుకే మా అక్క కొడుకు కూడా నా దగ్గరికే వచ్చాడు.

కుర్రవాడు బుద్ధిమంతుడు. ఇంజనీరింగు చదివి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ ఏడు సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజున, చీకటిపడ్డాక వచ్చి మా అరుగుమీద కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"మామయ్యా, ఈ సంబంధం ఎలాగైనా తప్పించు," అన్నాడు చివరికి.

"ఏం, పిల్ల నచ్చలేదా?"

"పిల్ల బంగారం. సంగతి నాది. నాకు ఆడపిల్లల మీదికి మనసుపోదు. ఇది ఇవాళా నిన్నా వచ్చింది కాదు. ఊహ తెలిసినప్పటినుంచీ ఇంతే. ఎన్ని ఉపవాస ప్రార్థనలు చేశానో దేవుడికే తెలుసు."

ఎమ్మే చదివినవాణ్ణి. ప్రబంధాల్లో శృంగారం గురించి గంటలకొద్దీ పాఠం చెప్పగలవాణ్ణి. ఆ రాత్రి మాత్రం చదువురాని మా ముత్తాత ఏమనేవాడో అదే అన్నాను. "పెళ్ళయితే అన్నీ అవే సర్దుకుంటాయిరా. అమ్మకు చెప్పి ఆమె గుండె పగలగొట్టకు." వాడు నా ముఖంవంక ఒకసారి చూసి, లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అమ్మాయిది దర్శి వైపు. తండ్రికి రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. మంచి ధర వస్తుందని నిరుటి మిరపకాయలు కోల్డుస్టోరేజీలో దాచుకున్నాడు. పెళ్ళి కుదరటంతో ఆగలేక టిక్కీలన్నీ గుంటూరు యార్డుకు తోలించాడు. ఆ రోజు నేనూ ఆయన వెంట వున్నాను. ఘాటుకు తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ, "పోనిద్దురూ, నాలుగు రూపాయలు తగ్గితే తగ్గింది, పిల్ల సుఖపడుతుంది గదా," అన్నాడు. నేను తల ఊపాను.

పెళ్ళయిన ఎనిమిదో నెలలో ఆ పిల్ల పుట్టింటికి వచ్చేసింది.

పెద్దలం కూర్చున్నాం. మావైపువాళ్ళు ఏమన్నారో మీరు ఊహించగలరు. "మొగుణ్ణి ఆకట్టుకునే తెలివి లేదు," అన్నారొకరు. "లోపమేదైనా వుందేమో డాక్టరుకు చూపించండి," అన్నారు మరొకరు. మా మేనల్లుడు తల వంచుకుని కూర్చున్నాడు. ఆ పిల్ల అందరినీ వదిలి నావైపు తిరిగింది.

"బాబాయిగారూ, మీకు ముందే తెలుసా?"

అబద్ధమాడితే ఆడవచ్చు. ఎందుకో నోరు రాలేదు. "తెలుసమ్మా," అన్నాను.

"అయితే నాకొక్కదానికే తెలియదన్నమాట," అందా పిల్ల.

ఏడవలేదు, తిట్టలేదు. లోపలికి వెళ్ళిపోయింది.

క్రైస్తవులకు వర్తించే విడాకుల చట్టం 1869 నాటిది. భార్యాభర్తలిద్దరూ ఇష్టపడి విడిపోయే వీలు అందులోకి 2001 సవరణతోగాని రాలేదు. ఆ సవరణ కూడా రెండేళ్ళకు తక్కువ కాకుండా విడిగా వుండాలంటుంది. ఆ రెండేళ్ళూ, కోర్టు వాయిదాలూ కలిసి ఆ పిల్ల యవ్వనంలో మూడేళ్ళు తినేశాయి. తరువాత ఆమెకు మళ్ళీ పెళ్ళయింది, పాప పుట్టింది. ఆమె చల్లగా వుండటం దేవుని దయ. అందులో మా గొప్ప ఏమీ లేదు.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, స్వలింగ వివాహాల మాట రాగానే మన ఇళ్ళల్లో, "అదంతా పట్నాల్లో గోల, విదేశాలవాళ్ళ వేషాలు, మనకెందుకు?" అంటారు. మనకెందుకో ఇప్పుడు తెలిసింది గదా! ఆ సంగతి మాట్లాడుకోవటం ఇష్టంలేక మనం ఒక ఆడపిల్ల గొంతు కోశాం. అదీ గుడిలో, దేవుని ఎదుట, దీవెనలు చదివించి మరీ కోశాం.

చట్టం ఎంతవరకు వచ్చింది?

మా మేనల్లుడు నా అరుగుమీద కూర్చున్న నాటికి, వాడి మనసు నడిచిన దారిలో వాడు నడిస్తే అది నేరం. భారత శిక్షాస్మృతి 377వ సెక్షను అలా చెప్పింది. ఆ స్మృతిని ఇంగ్లీషు దొరలు 1860లో చేశారు, 1862లో అమలులోకి తెచ్చారు. విదేశాల నుంచి వచ్చినదేదైనా వుంటే అది ఆ శిక్షే!

ఢిల్లీ హైకోర్టు 2009 జూలై 2న, ఇష్టపడిన పెద్దవాళ్ళ మధ్య వ్యవహారాన్ని ఆ సెక్షనుకింద నేరంగా చూడరాదన్నది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. చివరకు 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ నేరాన్ని తొలగించారు. 2024 జూలై 1న వచ్చిన కొత్త న్యాయసంహితలో ఆ సెక్షనే లేదు. ఈలోపల 2014 ఏప్రిల్ 15న, పుట్టుకతో రాసిన లింగం ఏదైనా తాను ఎవరో చెప్పుకునే హక్కు మనిషికి వున్నదని సుప్రీంకోర్టు మరో తీర్పు ఇచ్చింది. మన రాష్ట్రంలో ట్రాన్స్‌జెండర్లకు ప్రభుత్వం పింఛను ఇస్తున్నది. 2024 జూలైలో దాన్ని 4,000 రూపాయలు చేశారు.

పెళ్ళి దగ్గరికి వచ్చేసరికి మాత్రం బండి ఆగింది. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు, వివాహం ప్రాథమిక హక్కు కాదనీ, ప్రత్యేక వివాహ చట్టాన్ని మార్చటం పార్లమెంటు పని అనీ చెప్పింది. అలాంటి జంటలకు పెళ్ళి కాకపోయినా మరో రకమైన గుర్తింపు ఇవ్వాలా అన్న ప్రశ్నమీద న్యాయమూర్తులు ముగ్గురొకవైపు, ఇద్దరొకవైపు అయ్యారు. అక్కరలేదన్నదే మెజారిటీ. పునఃపరిశీలన కోరినవారి పిటిషన్లను 2025 జనవరిలో తోసిపుచ్చారు.

గుర్తింపు లేకపోతే ఏం పోయిందని అడిగేవారున్నారు. నేనూ ఒకప్పుడు అలాగే అడిగాను. 2021లో కరోనా రెండో విడత వచ్చినప్పుడు మా మేనల్లుడికి హైదరాబాదులో ఊపిరి అందలేదు. విడాకులయ్యాక వాడు మరో కుర్రవాడితో కలిసి ఒకే ఇంట్లో వుంటున్నాడు. అర్ధరాత్రి ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళింది ఆ కుర్రవాడే. పడక దొరికేదాకా నాలుగుచోట్ల తిప్పిందీ అతనే. చివరకు దొరికినచోట, "మీరు పేషెంటుకు ఏమవుతారు?" అని అడిగారట. ఏమని చెబుతాడు? "స్నేహితుణ్ణి," అన్నాడు. అయితే సంతకానికి పనికిరాడన్నారు. తెల్లవారుజామున మా అక్క, పల్లెలో మంచంమీద కూర్చుని, ఫోనులో ఎవరో తెలియని గుమాస్తాకు, "బాబూ, ఆ అబ్బాయి మా అబ్బాయేనయ్యా, సంతకం పెట్టించుకో," అని బతిమాలింది. దేవుడు చల్లగా చూశాడు; వాడు బతికాడు.

పెళ్ళి చీటీ అంటే ఆ సంతకం. బ్యాంకు నామినీ, రేషన్ కార్డు, పింఛను, ఇంటి వాటా, చివరకు శవాన్ని అప్పగించే కాగితం, అన్నీ ఆ చీటీవెంట వస్తాయి. సుప్రీంకోర్టు తీర్పు తరువాత 2024లో కేంద్ర ప్రభుత్వం కమిటీ వేసింది. అలాంటి జంటలు బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరవవచ్చు, ఒకరినొకరు నామినీగా రాసుకోవచ్చు, ఒకే రేషన్ కార్డులో ఒకే కుటుంబంగా వుండవచ్చు అని ఆ ఏడే చెప్పారు. చిన్న వెసులుబాట్లే. కాని ఆ రాత్రి మా అక్క బతిమాలుకున్నది అలాంటి చిన్నవాటికోసమే.

మన రాష్ట్రపు హైకోర్టు కూడా ఈ మధ్య రెండు మాటలు చెప్పింది. కలిసి బతకాలనుకున్న ఇద్దరు యువతుల్లో ఒకరిని తండ్రి బలవంతంగా ఇంట్లో వుంచిన కేసులో, పెద్దదైన పిల్లకు తన తోడును తాను ఎంచుకునే హక్కు వున్నదని 2024 డిసెంబరులో చెప్పింది. రెండోది మన ఒంగోలులో మొదలైన కేసు. ఒక ట్రాన్స్‌జెండరు మహిళ భర్తమీదా, అత్తమామలమీదా వేధింపు ఫిర్యాదు ఇచ్చింది. పిల్లల్ని కనలేని వ్యక్తి పూర్తి స్త్రీ కాదు గనుక ఆ సెక్షను ఆమెకు వర్తించదని అవతలివారు వాదించారు. 2025 జూన్ 16న న్యాయమూర్తి వెంకట జ్యోతిర్మయి ప్రతాప ఆ వాదనను తోసిపుచ్చారు. ఫిర్యాదుకు తగిన ఆధారాలు లేవని కేసును కొట్టివేశారు. అది వేరే సంగతి. కాని కడుపు పండటమే ఆడతనానికి కొలత కాదన్న మాట నిలిచింది. ఆ తీర్పు వార్త చదివినప్పుడు, "డాక్టరుకు చూపించండి" అన్న మా పంచాయితీ మాట గుర్తుకొచ్చి నాకు సిగ్గేసింది.

అయ్యగారితో ఒక సాయంత్రం

చట్టం సంగతి సరే, లేఖనం సంగతేమిటి? ఈ ప్రశ్న నేను మా అయ్యగారినే అడిగాను. ఆయన నాకన్నా చిన్నవాడు, వేదాంత కళాశాలలో చదువుకున్నవాడు, కోపం ఎరగని మనిషి.

"లెక్చరరుగారూ, మొగమాటం లేకుండా చెబుతాను. ఆదికాండంలో దేవుడు స్త్రీనీ పురుషుణ్ణీ చేసి జత కలిపాడు. మత్తయి 19లో ప్రభువు ఆ మాటే తిరిగి చెప్పాడు. లేవీయకాండం 18, రోమా పత్రిక మొదటి అధ్యాయం, కొరింథీ మొదటి పత్రిక ఆరో అధ్యాయం మీకు తెలియనివా? వాటిని చింపి పారెయ్యలేను గదా."

చింపమని నేనూ అనలేదు. ఆ వచనాలు వున్నాయి. వాటిని పట్టుకున్నవారంతా కఠినాత్ములు కారు. మా అయ్యగారే సాక్షి. కాని అదే బైబిల్లో మనం అంతగా చదవని చోట్లు కొన్ని వున్నాయి. సొదొమ పాపం ఏమిటో యెహెజ్కేలు 16లో ప్రవక్త విడమరిచి చెప్పాడు: గర్వం, తిండి సమృద్ధి, బీదలకు చెయ్యి అందించకపోవటం. ద్వితీయోపదేశకాండం 23 నపుంసకులను సమాజంలోకి రానివ్వవద్దంటుంది. యెషయా 56 వచ్చేసరికి దేవుడే వారికి తన ఇంట్లో కొడుకులకన్నా, కూతుళ్ళకన్నా మంచి పేరు ఇస్తానంటాడు. అపొస్తలుల కార్యాలు ఎనిమిదో అధ్యాయంలో గాజా దారిన రథంలో పోతున్న ఐతియొపీయుడు నపుంసకుడే. అతను చదువుతున్నది యెషయా 53. మరో మూడు అధ్యాయాలు తిప్పితే ఆ వాగ్దానం వస్తుంది. దారిలో నీళ్ళు కనపడగానే, నాకు బాప్తిస్మానికి అడ్డేమిటని ఫిలిప్పును అడిగాడు. ఫిలిప్పుకు ద్వితీయోపదేశకాండం తెలియక కాదు. అయినా రథం దిగి నీళ్ళలోకి నడిచాడు.

"అది పెళ్ళిని గురించి కాదు గదా," అన్నారు అయ్యగారు.

నిజమే, కాదు. అది సంఘంలో చోటు గురించి. అందుకే ఈ రెండు ప్రశ్నలనూ విడదీయాలంటాను. మన సంఘంలో వారికి చోటు వుందా అన్నది ఒకటి. వారి పెళ్ళిని గుర్తించాలా అన్నది మరొకటి. రెండో ప్రశ్నకు జవాబు తేలలేదని చెప్పి మొదటిదానికి తలుపు మూస్తున్నాం.

రెండోదానికి కూడా మా లూథరన్లకు ఒక పాత దారి వుంది. 1529లో మార్టిన్ లూథరు పాదిరీలకోసం వివాహ క్రమం ఒకటి కూర్చాడు. దాని ముందుమాటలో, పెళ్ళి లోకవ్యవహారమనీ, దాని కట్టుబాట్లు పాలకులకూ ఊరి ఆచారాలకూ వదలాలనీ, దీవెన అడిగినవారిని దీవించటమే తమ పని అనీ రాశాడు. కతోలికులకు వివాహం సంస్కారం. వారి లెక్క వేరు. అయితే 2013లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు బొంబాయి అగ్రపీఠాధిపతి కార్డినల్ ఆస్వాల్డ్ గ్రేషియస్, అలాంటి వివాహాన్ని తమ సంఘం ఒప్పుకోదంటూనే, వారిని నేరస్థులుగా చూడటాన్ని తప్పుపట్టారు. నమ్మకం వేరు, శిక్ష వేరు అని విడదీసి చూపిన పెద్దమనిషి తీరు అది.

అందరూ అలా విడదీయలేదు. సుప్రీంకోర్టులో ఆ శిక్ష వుండవలసిందేనని వాదించినవారిలో కొన్ని క్రైస్తవ సంస్థలూ వున్నాయి. మరోపక్క భారత జాతీయ క్రైస్తవ సంఘాల సమితి 2009 నుంచే వేదాంతులనూ, ఈ బాధ అనుభవించినవారినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించటం మొదలుపెట్టింది. ఒకే బైబిలు, ఒకే దేశం, రెండు దారులు!

గుంటూరుకు సువార్త తెచ్చిన ఫాదర్ హయ్యర్ 1842 జూలై 31న ఇక్కడ అడుగుపెట్టాడు. ఆయనను పంపిన అమెరికా లూథరన్ల వారసులు 1988లో కొత్త సంఘంగా ఏకమయ్యారు. ఆ సంఘం 2009 ఆగస్టులో మినియాపొలిస్‌లో సమావేశమై, జీవితాంతం ఒకరికొకరుగా కట్టుబడిన స్వలింగ జంటల్లోని వారు కూడా పాదిరీలుగా వుండవచ్చునని నిర్ణయించింది. అదే సమావేశం, ఈ విషయంలో విశ్వాసులు నాలుగు రకాల అభిప్రాయాలు మనస్సాక్షిగా పట్టుకుని వుండవచ్చుననీ, ఒకరి మనస్సాక్షిని ఒకరు గౌరవించాలనీ కూడా ఒప్పుకున్నది. చాలామంది అలిగి వెళ్ళిపోయారు. చాలామంది నిలిచారు. తల్లిసంఘం చేసిందల్లా మనం చెయ్యాలని నేననను. కాని కొట్టుకోకుండా కూర్చుని మాట్లాడవచ్చునన్న పాఠం మాత్రం తీసుకోవచ్చు.

అయ్యగారు చాలాసేపు ఆలోచించి, "గుడి తలుపు నేను మూయను. కాని వాళ్ళ చేతులు కలపటానికి నా మనస్సాక్షి ఒప్పుకోదు," అన్నారు.

"మీ మనస్సాక్షిని నేను బలవంతం చెయ్యను, అయ్యగారూ. ప్రత్యేక వివాహ చట్టం 1954లో వచ్చింది. ఆ పెళ్ళికి పాదిరీగారు అక్కరలేదు; సర్కారు రిజిస్టరు చాలు. రేపు పార్లమెంటు ఆ రిజిస్టరును వీరికీ తెరిస్తే, మనం అడ్డం పడకుండా వుంటే చాలు. మనం దీవించని పెళ్ళిళ్ళు లోకంలో కోట్లు వున్నాయి. వాటిని చెరపమని మనం ఎన్నడైనా అడిగామా?"

ఆయన జవాబు చెప్పలేదు. కాని కాఫీ మరో గ్లాసు పోయించారు.

గుండ్లకమ్మ ఒడ్డున

మా పల్లెవాళ్ళం ఈ సంగతి ఆలోచించేటప్పుడు మరొకటి మరిచిపోరాదు. అసలు మనం ఎవరం?

ఒంగోలులో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారికి పైకులాలవారి పిల్లలు బడికి వస్తున్న రోజులవి. 1866లో యర్రగుంట్ల పేరయ్యతో మాదిగలు రావటం మొదలయింది. వారిని దూరంగా వుంచకపోతే తాము రామన్నారు పైవారు. గౌరవం, పలుకుబడి అన్నీ అటే వున్నాయి. దొరగారూ, దొరసానిగారూ ఆ రోజు వేరువేరు గదుల్లో కూర్చుని బైబిలు తెరిస్తే, లోకంలో నీచులైనవారినే దేవుడు ఏర్పరచుకున్నాడన్న కొరింథీ పత్రిక భాగమే ఇద్దరికీ తగిలిందని క్లౌ తన జీవితకథలో చెప్పుకున్నాడు. వచ్చినవారిని ఆయన వెళ్ళగొట్టలేదు. బడి ఖాళీ అయితే కానిమ్మన్నాడు. పన్నెండేళ్ళ తరువాత, 1878 జూలై 3న, వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది.

మన తాతలు ఆ నీళ్ళలోంచి లేచినవాళ్ళే. ఊరి బావి దగ్గరికి రానివ్వనివాళ్ళు, గుడి మెట్టు తొక్కనివ్వనివాళ్ళు. వాళ్ళను దూరం పెట్టినవారి చేతుల్లోనూ శాస్త్రం వుంది, వచనం వుంది, ఆనవాయితీ వుంది. మన జాషువాగారు 1895లో వినుకొండలో పుట్టారు. తండ్రి వీరయ్య, తల్లి లింగమ్మ. ఇద్దరి కులాలు వేరు. ఆ పెళ్ళిని ఊరు ఒప్పుకోలేదు. ఆ బాధ ఆ ఇంట పుట్టిన బిడ్డకూ తప్పలేదు. ఆ బిడ్డే 1941లో గబ్బిలంతో కబురు పంపి తెలుగుదేశాన్ని నిలదీశాడు. ఒకరి పెళ్ళిని ఊరు వెలివేస్తే ఎలా వుంటుందో గుంటూరు సీమకు వేరే చెప్పాలా?

ఒక తెలుగు మేష్టారి మాట

చివరిగా నా వృత్తి ధర్మంగా ఒక మాట. పత్రికల్లో వీరిని "స్వలింగ సంపర్కులు" అని రాస్తారు. మీ అమ్మా నాన్నలను గురించి ఎవరైనా "పరలింగ సంపర్కులు" అని రాస్తే ఎలా వుంటుంది? నలభై ఏళ్ళ కాపురాన్ని, జ్వరానికి కాచిన గంజిని, పిల్లల ఫీజులకోసం పడ్డ తంటాను అన్నిటినీ వదిలేసి, ఒక్క సంపర్కం పట్టుకోవటం పద్ధతేనా? మనిషిని ఒక పనికి కుదించే మాట మంచి మాట కాదు.

మన వ్యాకరణం మగవారిని మహత్తులన్నది. స్త్రీని ఏకవచనంలో పశుపక్ష్యాదులతో కలిపి "వచ్చింది" అనిపించింది. మా క్లాసులో ఆడపిల్లలు ఏటేటా దీనిమీద నాతో పోట్లాడతారు. వారికి నేను చెప్పే సమాధానం ఒక్కటే: గౌరవం ఇచ్చేటప్పుడు తెలుగు లింగం అడగదు. "వారు వచ్చారు" అంటే మగవారూ కావచ్చు, ఆడవారూ కావచ్చు, రెండూ కానివారూ కావచ్చు. "గారు" అన్న రెండక్షరాలు ఎవరి పేరు వెనకనైనా ఒదుగుతాయి. భాషకు తెలిసిన మర్యాద మనకు తెలియకపోవటమేమిటి?

ఇప్పుడు నేను మా సంఘంలో పెద్దల్లో ఒకణ్ణి. పెళ్ళి ప్రకటన చదవకముందు అబ్బాయితో ఒక గంట, అమ్మాయితో ఒక గంట విడివిడిగా కూర్చుంటాను. "నీ ఇష్టంతోనేనా? ఎదుటివారికి చెప్పవలసింది ఏదైనా దాస్తున్నావా?" అని అడుగుతాను. ఏదైనా చెబితే ఆ మాట నా నోరు దాటదు; కాని ఆ పెళ్ళి ప్రకటనా గుడిలో వినపడదు. తల్లిదండ్రులారా, మీకు కూడా ఇదే మనవి. పెళ్ళిచూపులనాడు కట్నమూ, పొలమూ, ఉద్యోగమూ అడుగుతారు గదా. మీ బిడ్డను కూడా ఒక మాట అడగండి. వాడు చెప్పే జవాబు వినటానికి భయంవేస్తే, ఆ భయాన్ని మరొకరి కూతురి మెడలో కట్టకండి.

పోయిన క్రిస్మసుకు మా మేనల్లుడు ఊరికి వచ్చాడు. ఏటా ఒంటరిగా వచ్చేవాడు. ఈసారి ముందుగా మా అక్కే ఫోను చేసి, "ఆస్పత్రికి తీసుకెళ్ళిన ఆ అబ్బాయిని కూడా వెంటబెట్టుకు రా," అన్నది. ఇద్దరూ వచ్చి గుడిలో మగవాళ్ళ వైపు, వెనక వరసలో కూర్చున్నారు. నలుగురు తిరిగి చూశారు. ఇద్దరు ముసలివాళ్ళు గొణిగారు. అయ్యగారు ప్రసంగం ముగించి, ప్రకటనల కాగితం తీశారు. ఆ రోజు ఎవరిదో పెళ్ళి ప్రకటన మూడోసారి వుంది. చదివి, ఎప్పటిలాగే ఒక నిమిషం ఊరుకున్నారు.

ఆ నిమిషంలో వెనక్కి తిరిగి చూశాను. మా అక్క ఆడవాళ్ళ వైపునుంచి లేచి, తన చాప తీసుకువెళ్ళి, నేలమీద కూర్చున్న ఆ కుర్రవాడికి వేస్తున్నది.